దూడ పాలు తాగే చోటు

ఈ కథలో ఉప్పురవ్వంత అబద్ధం కూడా లేదని ముందే చెప్పేస్తున్నాను. నా రాతలు ఇదివరకు చదివినవాళ్ళు పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా ఈశ్వరరావు అరవై ఏడేళ్ళ బతుకులో చెప్పింది ఒకే ఒక్క నిజం. పాపం, ఆ ఒక్కదాన్నీ ఎవరూ నమ్మలేదు. దాని కథ రాస్తూ నేను కూడా కల్తీ కలిపితే నాకు పుట్టగతులుంటాయా?

ఈశ్వరరావుది సంతబొమ్మాళి మండలంలో, వెనక కొబ్బరితోటలూ ముందు సముద్రమూ, మధ్యలో వలలు ఆరేసుకోవడానికి సరిపడా ఇసకా ఉన్న చిన్న పల్లె. యాభై ఏళ్ళు వేట చేశాడు. చేపలు పట్టడంలో అతని కంటే గట్టివాళ్ళు ఆ పల్లెలో ఉన్నారు గానీ, పట్టిన చేప గురించి చెప్పడంలో మాత్రం లేరు. ఒకసారి వలలో పడిన సొరచేప ఇంటి దగ్గర పిల్లలున్నారని చెప్పుకుని ఏడిస్తే వదిలేశాడట. తిత్లీ తుఫానులో అతని తెప్ప గాలికి లేచి కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుంటే, ఎలాగూ పైకొచ్చాం కదా అని దిగేలోపు ఒక గెల కోసుకొచ్చాడట. "మరి ఆ గెలేదీ?" అని అడిగితే, "తుపాన్లో తిండి లేక సచ్చిపోతంటే గెల దాసుకుంటారేటి?" అని అడిగినవాళ్ళ మీదే కోప్పడతాడు.

ఇలాంటి మనిషి, పెళ్ళయిన మూడో రోజు ఒడ్డున నిలబడి, కొత్త పెళ్ళాం నీలవేణికి ఒక సంగతి చెప్పాడు.

అక్కణ్ణుంచి పడమటికి చూస్తే దూరంగా కొండలు కనిపిస్తాయి. పడవ సముద్రం మీదికి పోయేకొద్దీ ఇళ్ళు మునిగిపోతాయి, కొబ్బరిచెట్లు మునిగిపోతాయి, కొండలే మిగులుతాయి. వేటగాళ్ళకి అవే గుర్తులు. వాటిలో ఒక పెద్ద కొండ, మెడ వంచి నిలబడిన ఆవులా ఉంటుంది. దాని ముందర ఒక చిన్న కొండ, అది దూడ. పడవ ఉత్తరానికి జరిగితే దూడ తల్లి తోకవైపు పోతుంది, దక్షిణానికి జరిగితే మెడవైపు వస్తుంది. ఒకే ఒక్క చోట, దూడ తల సరిగ్గా ఆవు పొదుగు కిందికి వస్తుంది. ఆ చోట నీళ్ళ అడుగున రాతిబండలున్నాయి. చేప గుమిగూడేది అక్కడే.

"దూడ పాలు తాగినప్పుడు వల ఎయ్యాల నీలా. మా అయ్య నాకు సూపించినాడు, ఆయనకి ఆళ్ళయ్య సూపించినాడు" అన్నాడు ఈశ్వరరావు.

ఆ మూడు రోజుల్లోనే నీలవేణి సొరచేప ఏడుపు కథ రెండుసార్లు వింది. ఒడ్డు నుంచి చూస్తే ఆ చిన్న కొండ పెద్దకొండ తోకకి అవతలెక్కడో, అలిగి వెళ్ళిపోయినట్టు ఉంది. "రాయికి పొదుగూ, రప్పకి మూతీనీ. సాల్లే మావా" అని నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ పల్లెలో ఆడవాళ్ళు వేటపడవ ఎక్కరు. అలా అని ఎక్కడా రాసిలేదు, ఎక్కరంతే. కాబట్టి నీలవేణిని తీసుకెళ్ళి చూపించే దారి లేదు. నలభై రెండేళ్ళలో అతను కొనుక్కొచ్చిన చీరలకి వంక పెట్టలేదు, తాగొచ్చిన రోజున అన్నం పెట్టకుండా ఉండలేదు. కానీ ఆవూ దూడా మాటెత్తితే మాత్రం మూతి తిప్పేది. సొరచేప కథ నమ్మకపోతే ఈశ్వరరావుకి బాధ లేదు, దాన్ని అతనూ నమ్మడు. ఇది మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి, నోరు తెరిచి, 'నువ్వు సెప్పింది నిజమే మావా' అంటే చాలు. ఈ జన్మలో ఆ మాట వినాలి. ఇంతే అతని కోరిక.

దానికి ఈ ఏడాదే ఎందుకు తొందరొచ్చిందంటే, దూడ చిక్కిపోతోంది.

నవ్వకండి. ఈశ్వరరావు వేట మానేసి రెండేళ్ళయింది. కళ్ళకి దూరం ఆనడం లేదు. కొండ కనబడుతుంది, కొండ మీది మేక కనబడదు. మొన్న వినాయక చవితి వెళ్ళాక బామ్మర్ది శ్రీను పడవలో సరదాగా బండల దాకా వెళ్ళాడు. శ్రీనుకి కొండలతో పని లేదు, జీపీఎస్ ఉంది. చూస్తే దూడ వీపు మీద పెద్ద గాటు. ఒక పక్కంతా కోసుకుపోయింది. "ఒరే, దూడకేటో జబ్బు సేసినాదిరా" అన్నాడు. "నీ కళ్ళకి జబ్బు బావా" అన్నాడు శ్రీను. ఇంటికొచ్చి ఈశ్వరరావు రెండు పూటలు సరిగా తినలేదు. వచ్చే ఏటికి అది ఉంటుందో ఉండదో, ఉన్నా తన కళ్ళుంటాయో ఉండవో.

ఇక రెండో సంగతి బస్సు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయిననాటి నుంచీ నీలవేణి కాలు ఇంట్లో నిలవడం లేదు. అంతకు ముందు నలభై ఏళ్ళూ చేపల గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి సంతకి వెళ్ళొచ్చిన మనిషే, కానీ అది పని. ఇప్పుడు పని లేకుండా తిరగడంలో రుచి తెలిసింది. రావివలస మల్లన్న దగ్గరికి వెళ్ళొచ్చింది, శాలిహుండం కొండెక్కి వచ్చింది, పలాస వెళ్ళి జీడిపప్పు రుచి చూసి కొనకుండా వచ్చింది.

"ఇన్నూళ్ళు తిరిగినాను, నీ ఆవూ దూడా ఏ రోడ్డు మీదా కనబడలేదు మావా" అంది ఒకరోజు.

"సూపిత్తాను, పద. కొండలెక్కడం నాకు కొత్తేటి? సముద్రం మీద కొండలంత అలలు ఎక్కి దిగినోణ్ణి" అన్నాడు ఈశ్వరరావు.

నిజానికి ఆ రోజు వరకూ అతను ఎక్కిన అతి పెద్ద ఎత్తు వాళ్ళింటి అరుగు.

కార్తీకం వెళ్ళిన వారంలో బయల్దేరారు. ఆటోలో సంతబొమ్మాళి, అక్కణ్ణుంచి టెక్కలి. టెక్కలి కాంప్లెక్సులో మెళియాపుట్టి వైపు వెళ్ళే పల్లెవెలుగు ఎక్కారు. నీలవేణి ఒళ్ళో పెద్ద అన్నం క్యారేజీ, సంచిలో నీళ్ళ సీసా, నాలుగు జామకాయలు, పొట్లం కట్టిన ఎండు నెత్తళ్ళ వేపుడు. కండక్టరు కృష్ణవేణి అని పాతికేళ్ళ పిల్ల, మిషన్ పట్టుకుని వచ్చింది.

"ఎక్కడికి తాతా?"

"ఆవుదూడ కొండకి."

"ఆ స్టేజీ మా మిషన్లో లేదు."

"మీ మిషన్ పుట్టక ముందు నుంచీ ఉన్నాది ఆ కొండ."

"ఉంటే ఉండనీ తాతా, టికెట్టు ఎక్కడికి కొట్టమంటావ్?"

నీలవేణి ఆధార్ కార్డు తీసి చూపించింది. "ఆకరి స్టేజీకి కొట్టీ తల్లీ. మజ్జిలో ఆవు కనబడితే దిగిపోతాం. నాకు సున్నా టికెట్టు, ఈ ముసిలోడికి పూర్తి టికెట్టు. సూసినావా మావా, గవర్నమెంటు కూడా నన్నే నమ్మినాది."

ముందు సీట్ల వాళ్ళు నవ్వారు. ఈశ్వరరావు కిటికీ వైపు తిరిగిపోయాడు.

బస్సు టెక్కలి దాటింది. కొండలు దగ్గరవుతున్నాయి. పెద్దకొండని పోల్చుకున్నాడు, అదిగో మెడ, అదిగో మూపురం. దూడ కూడా ఉంది, కానీ తోకకి అవతల. బస్సు కదిలేకొద్దీ అది పొట్ట దగ్గరికి జరిగింది. ఈశ్వరరావు ఊపిరి బిగబట్టాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. అంతలో రోడ్డు వంపు తిరిగింది. దూడ మెడ దాటి, మూతి దాటి, ముందుకి పరిగెత్తింది. ఇంకో వంపు తిరిగేసరికి ఈ కిటికీలోంచి మాయమై ఆ కిటికీలో తేలింది.

"దూడ! దూడ తప్పించుకుపోతన్నాది!" అని లేచి నిలబడ్డాడు.

బస్సంతా కాళ్ళు పైకెత్తి సీట్ల కింద చూసుకుంది. వెనక సీట్లో కోళ్ళబుట్ట పెట్టుకున్న ఆయన, "దూడనెలా ఎక్కించినారమ్మా? నా కోళ్ళకేమో టికెట్టు కొట్టినారు" అని కృష్ణవేణిని నిలదీశాడు. ఆమె విజిలేసి, "తాతా, నీ దూడ ఎక్కడ దిగిందో నువ్వూ అక్కడే దిగు" అని, చిన్న కొండ పక్కనున్న బస్సు షెల్టరు దగ్గర ఇద్దరినీ దించేసింది.

దిగి చూస్తే దూడ రోడ్డు పక్కనే ఉంది. ఉంది అంటే, సగం ఉంది. ఒక పక్కంతా మెట్లుమెట్లుగా కోసేసి ఉంది. కోసినచోట రాయి లోపల నీలంగా, తడి ఆరని చేప వీపులా మెరుస్తోంది. క్రేను ఒకటి పెద్ద దిమ్మని లేపి లారీ మీద పెడుతోంది. గాలి నిండా దుమ్ము.

"నాను సెప్పలేదేటి, జబ్బు సేసినాదని" అన్నాడు ఈశ్వరరావు, ఎవరికో చెప్పినట్టు.

షెల్టర్లో ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో రంగుకాగితాల పెద్ద నక్షత్రం, నలిగిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. టెక్కలిలో కొని, తమ ఊరి చర్చికి క్రిస్మస్ కోసం తీసుకెళ్తున్నాడట. పొద్దున్న ఎక్కిన బస్సులో జనం ఎక్కువై నక్షత్రం నలుగుతుంటే, దిగి తర్వాతి బస్సుకోసం చూస్తున్నాడు. పేరు యోనా.

"బాబూ, ఈ దూడ తల్లేదీ?" అని అడిగాడు ఈశ్వరరావు.

యోనా అతన్నీ, నీలవేణినీ, మళ్ళీ అతన్నీ చూశాడు. నీలవేణి కల్పించుకుని సంగతంతా చెప్పింది.

"దీన్ని మేం పొట్టిమెట్ట అంటాం అన్నా. రెండేళ్ళై తవ్వుతున్నారు. నువ్వు సెప్పే పెద్దది సింగారికొండ. మా ఊరు దాని కిందే. బస్సులో ఇంకో అరగంట, పది కిలోమీటర్లుంటాది."

"పది కిలోమీటర్లా?"

"ఎక్కువే ఉంటాది."

నలభై రెండేళ్ళుగా వినని నవ్వు నవ్వింది నీలవేణి. "తల్లి మెళియాపుట్టి దారిలోని, పిల్ల టెక్కలి దారిలోని! పాలు బస్సులో పంపుతాదేటి మావా?"

ఈశ్వరరావు షెల్టరు బెంచీ మీద కూలబడ్డాడు. సముద్రం మీంచి చూస్తే రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. తండ్రికీ, తాతకీ, తనకీ అది ఒకే కొండ. ఎవరూ వచ్చి చూడలేదు. చేపలు పట్టేవాడు కొండ దగ్గరికి ఎందుకొస్తాడు? చెప్పిన ఒక్క నిజమూ ఇలా విడివిడిగా, మధ్యలో పది కిలోమీటర్ల రోడ్డుతో దొరికింది.

అతని మొహం చూసి నీలవేణి నవ్వు ఆపేసింది. సంచి తెరిచి జామకాయ ఇచ్చింది. అతను తినలేదు. కాసేపు చేతిలో తిప్పి చూసి, ఉన్నట్టుండి లేచాడు. క్యారేజీని బెంచీకి ఆ చివర పెట్టాడు. జామకాయని మధ్యలో పెట్టాడు. ఈ చివర మోకాళ్ళ మీద కూర్చుని, గెడ్డం బెంచీకి ఆనించి, ఒక కన్ను మూశాడు.

"ఇలా రా. నా పక్కన కూకో. గెడ్డం ఇక్కడెట్టు."

"ఓలమ్మా, రోడ్డు మీద ఈ ఏసాలేటి?" అంటూనే నీలవేణి కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్ళు సిమెంటు బెంచీకి గెడ్డాలు ఆనించి జామకాయ వైపు గురిచూస్తుంటే లారీ డ్రైవరొకడు బండి నెమ్మది చేసుకుని మరీ చూసి వెళ్ళాడు.

"క్యారేజీ ఆవు. జాంకాయ దూడ. రెండింటికీ మజ్జిన ఎంత ఎడముందో సూసినావా? ఇప్పుడు తల ఇటు జరుపు. ఆ... ఇంకొంచెం. దూడ ఎటెల్లినాది?"

"ఇటొచ్చినాది."

"అటు జరుపు."

"అటెల్లినాది... అదిగో, క్యారేజీకి ఆనుకున్నాది."

"మరి నానేటి సెప్పినాను నలభై రెండేళ్ళు!"

నీలవేణి లేచి మోకాళ్ళు దులుపుకుంది. "జాంకాయ జరిగినాది మావా, కాదన్ను. కొండ సంగతి నాకేటి తెలుసు?"

యోనా నక్షత్రం చాటున నవ్వుకున్నాడు. ఈశ్వరరావు రెండు చేతులూ పైకెత్తి దించేశాడు. అయిపోయింది. ఇంక చూపించాలంటే పడవెక్కించాలి, అది కుదరదు.

నీలవేణి మాత్రం క్యారేజీ వైపూ జామకాయ వైపూ చూస్తూనే ఉంది. అటు చివరికి నడిచి, క్యారేజీ దగ్గర వంగి, జామకాయ మీంచి ఇటు చూసింది.

"మావా, నువ్వు కూకున్న సోటు ఇక్కణ్ణుంచి తిన్నగా కనబడతాది. టెక్కలి ఎల్లే రోడ్డూ టెక్కలి నుంచి వచ్చే రోడ్డూ ఒకటే కదేటి? నీ బండల కాణ్ణుంచి దూడ పొదుగు కింద ఉన్నాదంటే, పొదుగు కాడ నిలబడి దూడ తల మీంచి సూత్తే నీ బండలు కనబడాల."

ఈశ్వరరావు ఆమె పక్కకొచ్చి తనూ వంగి చూశాడు. యాభై ఏళ్ళ వేటలో ఈ మాట తనకి తోచలేదు. నలభై ఏళ్ళు బస్సులెక్కిన మనిషికి తోచింది.

"బండల మీద ఇప్పుడెవులున్నారు?" అంది నీలవేణి.

"శ్రీను గాడు. పొద్దున్నే ఎల్తానన్నాడు."

ఆమె అప్పటికే ఫోను తీసింది. సముద్రం మీద సిగ్నలు అలలాగే వచ్చిపోతూ ఉంటుంది. మూడోసారికి దొరికాడు.

"ఒరే, నువ్వు బండల మీదే ఉన్నావా?... జీపీఎస్ సూసి సెప్పు, ఊరికే ఊఁ అనకు... ఉన్నావా, అయితే కదలకు. తల దువ్వుకునే అద్దం ఉన్నాదా?"

ఇది అడగక్కర్లేదు. శ్రీను వల మరిచిపోతాడేమో గానీ అద్దమూ దువ్వెనా లేకుండా పడవెక్కడు.

"ఒంటిగంటకి అద్దం ఎండకి పెట్టి కొండల ఏపు తిప్పు. మూడుసార్లు. ఎందుకా? మీ బావ నిజం సెప్పినాడో లేదో తేలాల."

అవతలి నుంచి శ్రీను నవ్వు షెల్టరంతా వినబడింది. "ఇప్పుడేటి తేలేదక్కా, పెళ్ళినాడే తేలిపోనాది!" అన్నాడు. అయినా సరేనన్నాడు.

తర్వాతి బస్సులో ముగ్గురూ నక్షత్రాన్ని మధ్యలో పెట్టుకుని సింగారికొండ కింద దిగారు. యోనా నక్షత్రాన్ని చర్చిలో దింపి, ఒక కర్రా ఒక పాత సత్తు పళ్ళెమూ తీసుకుని వాళ్ళకి దారి చూపడానికి వచ్చాడు. పళ్ళెం ఎందుకంటే, జీడితోటల్లో ఎలుగులున్నాయి, చప్పుడు చేసుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి.

కాలిబాట జీడితోటల్లోంచి మొదలై, బండల మధ్య మెలికలు తిరుగుతూ అడవిలోకి పోతుంది. కొండలంత అలలెక్కినవాడు రెండో మెలిక దగ్గరే కూర్చున్నాడు.

"ఏటి మావా, అలలు ఇంత ఎత్తు లేవా?"

"అలయితే అదే పైకి లేపుతాది. ఇది కదల్దే!"

నీలవేణి చెంగుని గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. దాని మీద క్యారేజీ, క్యారేజీ మీద అతని చెప్పులు. "నెత్తి మీద బరువు లేపోతే నాకు నడక రాదు" అని యోనాకి చెప్పి, చేతులు ఊపుకుంటూ, సంతకి ఆలస్యమైనట్టు ముందుకు సాగింది. ఈశ్వరరావు వెనకనుంచి చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె గంపతో వెళ్ళేటప్పటికి తను సముద్రం మీద ఉండేవాడు, తను వచ్చేటప్పటికి ఆమె వచ్చేసి ఉండేది. ఆమె నడక ఇంత బాగుంటుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

మాట మార్చాలనిపించి యోనాతో, "నీ పేరుగలాయన సేప కడుపులో మూడు రోజులున్నాడంట కదా?" అన్నాడు.

"ఉన్నాడన్నా."

"ఏ సేపో సెప్పలేదా? నాకూ ఒకపాలి ఇలాగే..."

"అది బైబిల్లో మాటన్నా. నీది కాదు" అన్నాడు యోనా మర్యాదగా.

మూడో మెలికలో ఎలుగు కనబడింది. నిజంగానే. బాట పక్కన పుట్ట తవ్వుకుంటోంది. యోనా పళ్ళెం కొట్టాడు. అది తలెత్తి, గాలి పీల్చి, సంచిలోని నెత్తళ్ళ వాసనకి మొహం చిట్లించి, పొదల్లోకి వెళ్ళిపోయింది. "మన ఉద్దానం నెత్తళ్ళ వాసన తగిలినాది, బతికినాం" అంది నీలవేణి, నెత్తి మీది క్యారేజీని రెండు చేతులా పట్టుకుని.

పన్నెండున్నరకి పొదుగు చేరారు. కొండ నడుముకి పెద్ద నల్లబండ ఉబ్బి ముందుకొచ్చింది. సముద్రం మీంచి పొదుగులా కనిపించే నలుపు ఇదేనని ఈశ్వరరావుకి చూడగానే తెలిసింది. ఎందుకు నల్లగా ఉందో కూడా ఇప్పుడు తెలిసింది. బండ పగుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. ఏళ్ళ తరబడి కారి రాయి నల్లబడింది. ఎండాకాలంలో కూడా ఆగదట.

"మా ఊరు తాగేది ఇదే" అన్నాడు యోనా.

నీలవేణి క్యారేజీ దించి, బండ కిందికి వంగి, దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ తాగింది. "మన క్యాను నీళ్ళ కంటే తియ్యగా ఉన్నాయి మావా" అంది మూతి తుడుచుకుంటూ. పొదుగు కింద వంగిన ఆమెను చూస్తూ, ఈశ్వరరావు తను తాగడం కూడా మరిచిపోయాడు.

బండకి వీపానించి తూర్పుకి తిరిగారు. కింద పొలాలు, దూరంగా పొట్టిమెట్ట, దాని వీపు మీది గాటు, దాని అవతల మసగ్గా కొబ్బరితోటల పచ్చగీత, దాని అవతల నీలం. ముందురోజు వాన పడిందేమో, గాలి కడిగినట్టుంది. ఈశ్వరరావుకి పచ్చా నీలం కలిసిపోయి కనబడుతున్నాయి.

"దూడ తల కనబడతన్నాదా?"

"ఆఁ."

"దాని మీంచి తిన్నగా సూడు. అటూ ఇటూ సూడకు."

ఒంటిగంటయింది. ఏమీ లేదు. ఒంటిగంటా అయిదు. యోనా పళ్ళెం పక్కన పెట్టి తల గోక్కున్నాడు. ఈశ్వరరావు కళ్ళు చికిలించాడు, మూశాడు, తుడుచుకున్నాడు. నీలం పొగ తప్ప ఏమీ లేదు. సరే, శ్రీను మరిచిపోయి ఉంటాడు. లేదా తాత చెప్పింది, తండ్రి చెప్పింది, తను చెప్పింది అంతా...

నీలవేణి చెయ్యి అతని ముంజేతిని పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. కాసేపటి దాకా వదల్లేదు.

"కనబడ్డాదా?" అన్నాడు.

"కనబడ్డాది."

"ఎక్కడ?"

"దూడ నెత్తి మీద. సరిగ్గా నెత్తి మీద. నిప్పురవ్వలాగ."

ఈశ్వరరావు కూడా అటే చూశాడు. తనకి కనబడలేదు. తనని సంతోషపెట్టడానికి అంటోందా? ఇన్నేళ్ళూ తన మాట ఆమె నమ్మాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె మాట తను నమ్మాలి. అది ఎంత కష్టమో అతనికి ఆ కొండ మీద మొదటిసారి తెలిసింది.

"మూడుసార్లేనా?" అన్నాడు మెల్లగా.

"మూడు కాదు. అయిదు."

అతని మొహం విప్పారింది. అబద్ధాల సంగతి అతనికి తెలిసినట్టు ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాడికి తెలిసిన లెక్కే చెబుతాడు. మూడు అనుకున్నారు కాబట్టి మూడే అంటాడు. అనుకోని లెక్క చెప్పేది కళ్ళతో చూసినవాళ్ళే. నీలవేణి చూసింది. ఆవు పొదుగు దగ్గర నిలబడి, దూడ తల మీంచి, అతని యాభై ఏళ్ళనీ చూసింది.

నీలవేణి అతని వైపు తిరిగింది. "నువ్వు సెప్పింది నిజమే మావా" అంది.

సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే దూడ మళ్ళీ ఆ కిటికీలోంచి ఈ కిటికీలోకి వచ్చింది. ఈసారి ఈశ్వరరావు అరవలేదు. నీలవేణే పక్క సీటావిడకి వేలు పెట్టి చూపించి, "అదుగో, అది దూడ. సముద్రం మీద ఒక సోట నుంచి సూత్తే తల్లి కాడ పాలు తాగతాది. నీకు తెలీదేటి?" అని, ఏదో తను పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతిలా చెప్పుకొచ్చింది.

ఒడ్డున శ్రీను వల దులుపుతున్నాడు. "ఎన్నిసార్లు కొట్టినావురా?" అని బావ అడిగితే, "మూడు కొట్టినాను బావా. సెల్లులో టైము సూసుకోలేదు, కొంచెం ఆలీసం అయినాది. అక్కకి కనబడ్డాదో లేదోనని ఇంకో రెండు కొట్టినాను" అన్నాడు.

అయిపోయింది. మొదట్లో ఉప్పురవ్వంత అబద్ధం లేదన్నాను. ఉంది, ఒక్క రవ్వ. ఎలుగుబంటి అనుకుంటున్నారేమో, కాదు, యోనాని అడగండి. అయిదు మెరుపులూ కాదు, శ్రీనుని అడగండి. పొదుగులో నీళ్ళూ కాదు, వెళ్ళి తాగి చూడండి, కొండ కిందిదాకా బస్సుంది. నీలవేణి 'నువ్వు సెప్పింది నిజమే మావా' అందని రాశానే, అదీ నేను కల్పించింది. ఆవిడ అనలేదు. దోసిట్లో ఇంకాసిని నీళ్ళు పట్టి అతని మొహం కడిగి, "సాల్లే, బస్సెల్లిపోద్ది, దిగు" అంది. అంతే.

రాసింది ఈశ్వరరావుకి చదివి వినిపించాను. ఆ ముక్క దగ్గర ఆపమని, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివి, "ఇది కొట్టెయ్యాల్రా, అబద్ధం కదా" అన్నాను. అతను తల వంచుకుని ఇసకలో వేలితో గీతలు గీస్తున్నాడు.

వెనకాల చేపలు కడుగుతున్న నీలవేణి తలెత్తకుండానే, "రాసేసినావు కదన్నయ్యా. ఉండనీ" అంది.